నడవని బిడ్డకి తుంటి ఆపరేషన్ ఎందుకు?

నమస్కారం. సెరిబ్రల్ పాల్సీ (సీపీ), అంటే చిన్నప్పుడే మెదడుకి తగిలిన దెబ్బ వల్ల కదలికలు దెబ్బతినే సమస్య ఉన్న పిల్లల ఇళ్లలో తరచూ వినపడే ఒక మాట గురించి ఈరోజు మాట్లాడాలి. తుంటి కీలు జారుతోంది, ఆపరేషన్ చేయాలని డాక్టర్ చెబుతారు. ఇంటికి రాగానే పెద్దవాళ్లెవరో, "ఎలాగూ నడవడు కదా, పసివాణ్ని కోయించడం ఎందుకమ్మా?" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాట పట్టుకుని రెండేళ్లు ఆగిపోయిన ఇళ్లను తలచుకుంటే నాకు బాధేస్తుంది.

(బల్ల మీద చిన్న రుబ్బురోలు)

ఇది చూడండి. పొత్రం గుంతలో సరిగ్గా కూర్చుంటేనే తిరుగుతుంది. తుంటి కీలూ అంతే. తొడ ఎముక తల పొత్రం, కటి ఎముకలోని గుంత రోలు. సీపీ పిల్లలు పుట్టినప్పుడు సాధారణంగా ఈ రెండూ బాగానే ఉంటాయి. దెబ్బ తగిలింది మెదడుకి. దానివల్ల తొడ లోపలివైపు కండరాలు, తొడను పైకి ముడిచే కండరం బిగుసుకుపోతాయి. పొత్రానికి తాడు కట్టి రోజూ ఒకే వైపుకి లాగుతున్నట్టన్నమాట.

(పొత్రాన్ని అంచు మీదకి జరుపుతూ)

ఇది రాయి కాబట్టి ఎంత లాగినా గుంత మారదు. పసిపిల్లల రోలు మాత్రం ఇంకా పచ్చి కుండ. పొత్రం లోపల కుదురుగా ఉండి, నిలబడినప్పుడు బరువు పడుతుంటేనే గుంత లోతుగా తయారవుతుంది. నిలబడని బిడ్డకి ఆ బరువు పడదు. పొత్రం అంచుకి జరిగేకొద్దీ గుంత పళ్లెంలా చదునైపోతుంది. అంటే నడవని బిడ్డకే ప్రమాదం ఎక్కువ! ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. సీపీ పిల్లల్లో 35 శాతం మందికి తుంటి జారింది. ఏ ఆసరా లేకుండా నడిచి మెట్లెక్కే పిల్లల్లో ఒక్కరికీ జారలేదు. పూర్తిగా వీల్‌చైర్ మీదే ఉన్నవాళ్లలో 90 శాతం మందికి జారింది.

మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు. డైపర్ మార్చేటప్పుడు కాళ్లు విడదీయలేకపోతారు, కూర్చోబెడితే ఒక పక్కకి ఒరిగిపోతాడు. నొప్పి మొదలయ్యాక కూర్చోలేడు, రాత్రి నిద్రపోడు. ఆపరేషన్ ఈ బాధ రాకుండా చేసేది. నడక కోసమే అనుకోవద్దు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఎక్స్‌రేలో పొత్రం ఎంత శాతం బయటికొచ్చిందో కొలుస్తారు. 30 దాటితే జాగ్రత్త పడాలి, 40 దాటితే సాధారణంగా ఆపరేషన్ మాట వస్తుంది. బోటాక్స్ ఇంజెక్షన్లు బిగుతును కొన్నాళ్లు తగ్గిస్తాయి గానీ జారడాన్ని ఆపుతాయని నమ్ముకోలేం. చిన్న వయసులో, కొద్దిగా జారినప్పుడైతే కండరాలను వదులు చేస్తారు, అంటే తాడు వదలడం. కొందరికి మళ్లీ చేయాల్సి వస్తుంది. ఎక్కువ జారితే తొడ ఎముకను కోసి, కోణం మార్చి, ప్లేటు వేస్తారు. రోలు చదునైతే కటి ఎముకను కోసి గుంత కప్పును కిందికి వంచుతారు. ఆ సందులో పెట్టే ఎముక ముక్క చాలాసార్లు ఆ బిడ్డ తొడ ఎముక నుంచి తీసిందే. మరీ ఆలస్యమై పొత్రమే అరిగిపోతే, దాన్ని తీసేయడంలాంటి దారులే మిగులుతాయి.

దక్షిణ స్వీడన్‌లో 1994 నుంచి సీపీ పిల్లలందరికీ వరసగా ఎక్స్‌రేలు తీస్తూ, సమయానికి ఆపరేషన్ చేస్తున్నారు. తుంటి పూర్తిగా ఊడిపోవడం 9 శాతం నుంచి ఒక శాతం లోపుకి వచ్చింది.

ఈసారి ఓపీకి పాత ఎక్స్‌రేలన్నీ తీసుకెళ్లండి. రెండు తుంట్లకీ శాతం ఎంతో అడిగి, ఫైల్లో తేదీతో సహా రాయించుకోండి.