మద్రాసు కోటలో చర్చికి వెళ్తే ముందు గోడ చూడండి

అందరికీ నమస్కారం అండీ. నడక మొదలుపెట్టే ముందు ఒక పది నిమిషాలు మాట్లాడమన్నారు, ఎండ ఎక్కకముందే ముగించేస్తా, భయపడకండి.

పాత చర్చిలోకి అడుగు పెట్టగానే అందరం చేసే పని ఏంటంటే తల పైకెత్తి రంగు అద్దాలు చూడటం, ఫోన్ తీయటం. నేనైతే ముందు గోడ మందం చూడమంటా, తర్వాత కాళ్ల కింద చూడమంటా. ఎందుకంటే ఈ చర్చిలు కట్టినవాళ్లకి భక్తి ఎంతుందో నాకు తెలీదు గానీ భయం మాత్రం బాగా ఉంది, ఆ భయమంతా ఇటుకల్లో కనిపిస్తుంది.

సెయింట్ జార్జ్ కోటలో సెయింట్ మేరీస్ చర్చి ఉంది కదా, దానికి 1678 మార్చి 25న పునాది వేశారు. మేరీ మాతకి దేవదూత కబురు చెప్పిన పండగ రోజు అది, అందుకే ఆ పేరు. అప్పటి గవర్నర్ స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ పూనుకుని కోటలో ఉన్న దొరల దగ్గర వరహాలు చందాలు పోగు చేసి కట్టించాడు. 1680లో పూర్తయింది. ప్లాన్ గీసింది కోటలో ఫిరంగుల పని చూసే గన్నర్ అంటారు, చూస్తే నమ్మబుద్ధేస్తుంది, ఎందుకంటే అది చర్చిలా కాదు, మందుగుండు గోదాములా కట్టాడు. గోడలు దాదాపు నాలుగడుగుల మందం, పైకప్పు మొత్తం కమానులే, దూలాల్లేవు. చెక్క వాడితే నిప్పు అంటుకుంటుంది, అంటుకోకపోతే చెదలు తింటాయి, పైగా సముద్రం మీంచి ఎవడైనా గుండు పేలిస్తే తట్టుకోవాలి. అదీ లెక్క.

ఆ లెక్క తప్పలేదు కూడా. 1758 డిసెంబర్‌లో ఫ్రెంచి జనరల్ లాలీ వచ్చి మద్రాసుని ముట్టడించి రెండు నెలలు గుండ్ల వర్షం కురిపించాడు. అప్పుడు ఈస్టిండియా కంపెనీవాళ్ల పాత శ్మశానం కోట బయట ఉండేది, ఇప్పుడు పాత లా కాలేజీ ఉందే, అక్కడ. పెద్ద పెద్ద సమాధులు కట్టుకున్నారు, ఫ్రెంచి సైనికులు హాయిగా వాటి చాటున దాక్కుని కోట మీద కాల్చారు. ముట్టడి అయిపోయాక ఇంగ్లీషువాళ్లు ఇంకోసారి ఈ బాధ వద్దని ఆ సమాధులు కూల్చేసి, పేర్లు చెక్కిన రాళ్లు మాత్రం తెచ్చి చర్చి చుట్టూ పరిచారు. సరే అక్కడితో ఆగిందా అంటే లేదు, హైదర్ అలీ భయం పట్టుకున్నప్పుడు అవే రాళ్లు పీకి ఫిరంగుల కింద వేశారు, గొడవ సద్దుమణిగాక మళ్లీ తెచ్చి పరిచారు. కాబట్టి మీరు నడిచే రాళ్ల కింద ఎవరూ లేరండీ, రాయి ఒకచోట, మనిషి ఇంకోచోట. రాళ్ల మీద రాతల్లో లాటిన్, పోర్చుగీసు, ఆర్మేనియన్ అన్నీ కనిపిస్తాయి, 1652 నాటి రాయి కూడా ఉంది. అప్పటికి ఈ చర్చే లేదు.

పెళ్లిళ్ల సంగతి గైడ్లందరూ చెప్తారు కాబట్టి నేను గబగబా చెప్పేస్తా. అమెరికాలో యేల్ యూనివర్సిటీకి ఎవరి పేరు పెట్టారో ఆ ఎలైహూ యేల్ పెళ్లి 1680లో, రాబర్ట్ క్లైవ్ పెళ్లి 1753లో ఇక్కడే అయ్యాయి. యేల్ కొడుకు డేవిడ్ చిన్నప్పుడే పోయాడు, ఆ సమాధి మాత్రం కూల్చకుండా లా కాలేజీ ఆవరణలోనే మిగిలిపోయింది.

మనవాళ్లు ఆగి చూడాల్సింది థామస్ మన్రోని. సీడెడ్ జిల్లాలకి, అంటే మన రాయలసీమకి కలెక్టర్‌గా చేసి తర్వాత మద్రాసు గవర్నర్ అయ్యాడు, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో పూడ్చారు. నాలుగేళ్లకి, 1831లో, అక్కణ్ణుంచి తీసుకొచ్చి ఈ చర్చిలో పెట్టారు. అటువైపు పల్లెల్లో పిల్లలకి మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారంటే చూడండి, దొరని కాస్తా అప్పని చేసేశారు. ఆయన రైత్వారీ పద్ధతి, అంటే జమీందారు లేకుండా రైతు దగ్గరే నేరుగా శిస్తు వసూలు చేయటం, మంచిదా చెడ్డదా అనే వాదన నాకూ ఉంది గానీ ఇవాళ వద్దు.

కోట దాటి ఆర్మేనియన్ స్ట్రీట్‌లోకి వెళ్తే 1772 నాటి ఆర్మేనియన్ చర్చి. అక్కడి ఫాదర్ షమావోన్యన్ 1794లో ప్రపంచంలోనే మొదటి ఆర్మేనియన్ పత్రికని ఈ మద్రాసులోనే అచ్చేశాడు, సమాధి ఆ ఆవరణలోనే ఉంది. నాకు అన్నిట్లోకి ఇష్టమైన చోటు ఇదే, నిశ్శబ్దంగా ఉంటుంది, వీధిలో ఆటోల హారన్లు కూడా లోపలికి సరిగ్గా రావు.

టైముంటే ఎగ్మోర్‌లో సెయింట్ ఆండ్రూస్ కర్క్ కూడా చూద్దాం, కర్క్ అంటే స్కాట్లండ్ వాళ్ల మాటలో చర్చి, 1821ది. డి హావిలాండ్ అనే ఇంజనీరుకి అక్కడ ఫిరంగి భయం కాదు, బురద భయం. నేల మెత్తగా ఉందని సుమారు 150 బావులు దింపి వాటి మీద లేపాడు చర్చిని. లోపల గుండ్రం, పైన నీలం డోమ్, చుట్టూ స్తంభాలు. పాలరాయేమో అనుకుని తాకి చూస్తాం, తీరా చూస్తే సముద్రపు గవ్వలు కాల్చి చేసిన గుల్ల సున్నం. దాన్ని అద్దంలా మెరిసేలా రుద్దిన మేస్త్రీల పేర్లు మాత్రం ఏ రాయి మీదా లేవు, అదొక్కటే నా కోపం.

సరే, పదండి. లోపల అసెంబ్లీ, సెక్రటేరియట్ ఉన్నాయి కాబట్టి గేటు దగ్గర చెకింగ్ ఉంటుంది, ఐడీ కార్డులు చేతిలో పట్టుకోండి.