రెవిట్‌లో వాల్ షెడ్యూల్: ఏరియా కాలమ్‌ని నేరుగా బిల్లులో ఎక్కించకండి

నమస్తే అండి. ఇవాళ రెవిట్‌లో, అంటే ఇంటిని 3డీ మోడల్‌గా గీసే సాఫ్ట్‌వేర్‌లో, వాల్ షెడ్యూల్ సంగతి చూద్దాం. గోడల పొడవు, ఏరియా, వాల్యూమ్ అన్నీ సాఫ్ట్‌వేరే లెక్కగట్టి పట్టిక వేసిచ్చే ఫీచర్ ఇది. బాగుందా అంటే చాలా బాగుంది. వచ్చిన అంకెని అలాగే పట్టుకెళ్లి ప్లాస్టరింగ్ బిల్లులో పెట్టొచ్చా అంటే మాత్రం, వద్దు. ఎందుకో స్క్రీన్ మీదే చూపిస్తాను.

మన బెజవాడ, గుంటూరు చిన్న ఆఫీసుల్లో పని ఎలా నడుస్తుందో మీకు తెలిసిందే. ఆటోక్యాడ్‌లో ప్లాన్, పక్కన ఎక్సెల్, ఒక్కో గోడా కొలవడం, ఎక్కించడం. అంతా అయ్యాక ఓనర్ గారు వాస్తు పంతులు గారిని అడిగొచ్చి "వంటగది ఆగ్నేయానికి జరపండి" అంటారు. మళ్లీ మొదటికి! ఆ బాధ మటుకు ఇక్కడ లేదు. గోడ జరిపితే పట్టికలో అంకె దానంతటదే మారిపోతుంది.

సరే, చేద్దాం. వ్యూ ట్యాబ్, షెడ్యూల్స్, అందులో షెడ్యూల్ క్వాంటిటీస్. కేటగిరీల్లో వాల్స్. ఫీల్డ్స్ బోలెడుంటాయి, అన్నీ లాగకండి. ఫ్యామిలీ అండ్ టైప్, బేస్ కన్‌స్ట్రెయింట్, లెంగ్త్, ఏరియా, వాల్యూమ్ చాలు. బేస్ కన్‌స్ట్రెయింట్ అంటే గోడ ఏ అంతస్తు నుంచి మొదలవుతుందో చెప్పేది. అదెందుకంటే, జీ ప్లస్ టూ ఇల్లయితే ఏ అంతస్తు గోడలు ఆ అంతస్తు కింద విడిగా పడాలి కదా. సార్టింగ్‌లో ముందు దాన్ని పెట్టి, దాని తర్వాత టైప్ పెట్టండి.

ఇప్పుడు ఐటమైజ్ ఎవ్రీ ఇన్‌స్టెన్స్, అంటే ఒక్కో గోడకీ ఒక్కో వరస చూపించేది, దాని దగ్గర టిక్ తీసేస్తున్నా. చూశారా, వరసలు తగ్గాయి కానీ ఏరియా కాలమ్ ఖాళీ అయిపోయింది. కంగారుపడకండి, ఏదీ పోలేదు. ఫార్మాటింగ్‌లోకెళ్లి ఏరియాకి, వాల్యూమ్‌కి కాలిక్యులేట్ టోటల్స్ పెట్టండి. వచ్చేసిందా? అక్కడే ఫీల్డ్ ఫార్మాట్ ఉంటుంది. డ్రాయింగ్ మిల్లీమీటర్లలోనే ఉంచుకుని, ఈ ఒక్క కాలమ్‌ని చదరపు అడుగుల్లో చూపించుకోవచ్చు. మన దగ్గర లేబర్ రేట్లు మాట్లాడేది ఎస్ఎఫ్‌టీల్లోనే కాబట్టి ఇది బాగా పనికొస్తుంది.

నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. అనుమానం వచ్చిన వరస మీద క్లిక్ చేసి, పైన హైలైట్ ఇన్ మోడల్ నొక్కితే ఆ గోడ ఎక్కడుందో మోడల్‌లో చూపిస్తుంది. ఒకదాని మీద ఒకటి పడి దాక్కున్న డబుల్ గోడలు దీనికే దొరుకుతాయి.

ఇక అసలు విషయం. ఒక్క గోడ తీసుకుందాం. పొడవు 4 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు, మధ్యలో 1.2 బై 1.2 కిటికీ. గోడ మొత్తం 12 చదరపు మీటర్లు, కిటికీ 1.44. రెవిట్ ఏరియా ఎంత చూపిస్తోంది? 10.56. కిటికీ తీసేసి, ఒక్క ముఖం ఏరియా అన్నమాట. రెండు వైపులా ప్లాస్టరింగ్ కదా అని మనవాళ్లు దాన్ని రెండుతో గుణించి 21.12 రాసేస్తారు.

కానీ మన దేశంలో కట్టడం పనుల కొలతలకి ఐఎస్ 1200 అనే ప్రమాణం ఉంది. ప్లాస్టరింగ్ సంగతి అందులో 12వ భాగంలో ఉంటుంది. అర చదరపు మీటరు లోపు ఖాళీ అయితే అసలు తీసివేత లేదు. అర నుంచి 3 చదరపు మీటర్ల దాకా ఒక్క వైపే తీసెయ్యాలి. కిటికీ చుట్టూ లోపలి అంచులకీ సిమెంటు పూస్తారు కాబట్టి, రెండో వైపు దానికింద సరిపెడతారు. 3 దాటితే రెండు వైపులా తీసేసి, అంచులు విడిగా కొలుస్తారు. ఈ లెక్కన మన గోడకి 12, 10.56 కలిపి 22.56. తేడా 1.44, అంటే పదిహేనున్నర ఎస్ఎఫ్‌టీ. ఒక్క గోడకే! ఇంట్లో మామూలు తలుపు, 1 బై 2.1, అదీ ఈ రెండో రకంలోకే వస్తుంది. బాత్‌రూమ్ వెంటిలేటరు 0.6 బై 0.6 అయితే 0.36, దానికి తీసివేతే లేదు, రెవిట్ మాత్రం రెండు వైపులా తీసేస్తుంది. మేస్త్రీ టేపు పట్టుకుని నిలబడితే మన ప్రింటవుట్ ఓడిపోతుంది.

దీనికి దారేంటంటే, తలుపులకీ కిటికీలకీ వేరే షెడ్యూళ్లు వేసి, కాలిక్యులేటెడ్ వాల్యూతో వెడల్పు ఇంటూ ఎత్తు కాలమ్ పెట్టండి. పక్కన ఇఫ్ ఫార్ములాతో ఇంకో కాలమ్: అర లోపైతే ఆ ఏరియాకి రెండింతలు, 3 లోపైతే ఆ ఏరియా అంతే, దాటితే సున్నా. ఆ కాలమ్ టోటల్‌ని గోడల ఏరియా రెండింతలకి కలిపితే ఐఎస్ లెక్క వచ్చేస్తుంది, పెద్ద ఖాళీల అంచులు తప్ప. అసలు కిటికీలు తీసేదే లేదని మేస్త్రీతో ముందే మాటయిపోయిందనుకోండి, అప్పుడు ఆ మాటే లెక్క, ఐఎస్ కాదు.

ఇటుక పని దగ్గర ఇంకో చిక్కు. గోడ టైపులో ప్లాస్టర్ లేయర్లు కూడా పెట్టారనుకోండి, 230 ఇటుక, లోపల 12, బయట 20, మొత్తం 262 మిల్లీమీటర్లు. వాల్యూమ్ 2.77 ఘనపు మీటర్లు చూపిస్తుంది. అందులో ఇటుక 2.43 మాత్రమే. ఆ 2.77 చూసి ఇబ్రహీంపట్నం వైపు నుంచి ఫ్లైయాష్ ఇటుకలు తెప్పిస్తే మిగిలిపోతాయి. అందుకని వాల్ షెడ్యూల్ బదులు మెటీరియల్ టేకాఫ్ వాడండి, మెటీరియల్ పేరు, మెటీరియల్ వాల్యూమ్ విడివిడిగా ఇస్తుంది. నాలుగున్నర ఇంచుల గోడకి ఈ గొడవ లేదు, దాన్ని చదరపు మీటర్లలోనే కొలుస్తారు. స్ట్రక్చరల్ కాలమ్‌లు, అంటే పిల్లర్లు, గోడల్లో కలిసిన చోట రెండింటినీ జోడించే జాయిన్ జామెట్రీ అయిందో లేదో కూడా చూసుకోండి. కాకపోతే కాంక్రీటు ఉన్న చోట ఇటుక కూడా లెక్కలోకి వస్తుంది.

డబ్బుల మాట. రెవిట్ సబ్‌స్క్రిప్షన్, కడుతూనే ఉండాలి. నెలకో ఇల్లు చేసే ఆఫీసుకి నేను కొనమని చెప్పను. విద్యార్థులకి ఉచితం, నేర్చుకోండి. కొనలేనివాళ్లకి ఫ్రీక్యాడ్ ఉంది, 2024 నవంబరులో 1.0 వచ్చింది, భవనాల మోడల్ గీసే బిమ్ వర్క్‌బెంచ్ అందులోనే కలిపారు. షెడ్యూల్‌లో ఒక వరస రాసి, ప్రాపర్టీ దగ్గర షేప్ డాట్ వాల్యూమ్, ఫిల్టర్‌లో ఐఎఫ్‌సీ టైప్ వాల్ అని ఇస్తే మొత్తం వస్తుంది. పైసా ఖర్చు లేదు. కానీ ఫార్ములాలు, సర్దుబాట్లు రెవిట్ అంత సుఖంగా ఉండవు, గోడలు కలిసే మూలలు కూడా ఒకసారి చేత్తో సరిచూసుకోవాలి.

ఒకసారి చేసుకున్న షెడ్యూల్‌ని ప్రతి ఇంటికీ కొత్తగా చేయక్కర్లేదండి. ఇన్‌సర్ట్ ట్యాబ్‌లో ఇన్‌సర్ట్ ఫ్రమ్ ఫైల్, అందులో ఇన్‌సర్ట్ వ్యూస్ ఫ్రమ్ ఫైల్ నొక్కి పాత ప్రాజెక్టు చూపిస్తే ఫార్ములాలతో సహా వచ్చేస్తుంది. ఎక్సెల్ కావాలంటే ఫైల్, ఎక్స్‌పోర్ట్, రిపోర్ట్స్, షెడ్యూల్. టెక్స్ట్ ఫైల్‌గా వస్తుంది, ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది. అయితే ఆ ఫైల్‌కి మోడల్‌తో సంబంధం తెగిపోతుంది, అందుకని ఓనర్ గారి మార్పులన్నీ అయ్యాకే తీయండి.