కారం మిషనుకు 35 శాతం సబ్సిడీ: దరఖాస్తు ఎక్కడ ఆగిపోతుంది?

[తెరపై: చాప మీద ఎండుమిరపకాయలు, పక్కన కాటా, లెక్కల నోట్‌బుక్]

నమస్కారం. కారం పట్టి అమ్ముతున్నారా? పచ్చళ్లు, పొడులు, అప్పడాలు చేస్తున్నారా? ఇలాంటి చిన్న ఆహార యూనిట్ల కోసమే కేంద్ర ప్రభుత్వం 2020లో పీఎంఎఫ్‌ఎంఈ, అంటే ప్రధానమంత్రి చిన్న ఆహార తయారీ యూనిట్ల పథకం పెట్టింది. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా సబ్సిడీ వస్తుంది. కుటుంబానికి ఒక్కరికే. గడువు ఎప్పటిదాకా ఉందో పథకం వెబ్‌సైట్‌లో, అంటే పోర్టల్‌లో చూసుకుని పని మొదలుపెట్టండి.

ఒక్క సంగతి మాత్రం ముందే తెలియాలి. ఈ డబ్బు చేతికి రాదు, బ్యాంకు లోనుతో ముడిపడి ఉంటుంది.

[తెరపై: 10 లక్షలు = మీ వాటా 1 లక్ష + లోను 9 లక్షలు]

ప్రాజెక్టు 10 లక్షలైతే కనీసం లక్ష మీరు పెట్టుకోవాలి. మిగతా 9 లక్షలు లోను. సబ్సిడీ మూడున్నర లక్షలు బ్యాంకులోనే విడిగా ఉంటాయి. మూడేళ్లు వాయిదాలు సరిగ్గా కట్టి, యూనిట్ నడుస్తుంటే అప్పుడు మీ అప్పులో జమ చేస్తారు. అంటే మీ కాగితాలు చదివి నమ్మాల్సిన మనిషి బ్యాంకు మేనేజర్.

మా పెద్దమ్మ దరఖాస్తు మొదటిసారి అక్కడే ఆగింది. ప్రాజెక్టు రిపోర్టు, అంటే ఏం చేస్తాం, ఎంత ఖర్చు, ఎంత అమ్ముతాం అని బ్యాంకుకు చూపించే కాగితం, నెట్ సెంటర్‌లో డబ్బులిచ్చి చేయించుకుంది. మేనేజర్ ఒకటే అడిగారు: "రోజుకు 200 కిలోల కారం అని రాశారు, ఎవరికి అమ్ముతారమ్మా?" పెద్దమ్మకు నోట మాట రాలేదు. ఆ అంకె ఆమెది కాదు. ఎవరిదో మామిడి తాండ్ర యూనిట్ రిపోర్టులో పేరు మార్చి ఇచ్చారు. ఒక పేజీలో "తాండ్ర" అనే మాట అలాగే ఉండిపోయింది కూడా. ఇరవై ఏళ్లుగా కారం అమ్ముతున్న మనిషి ఆ రోజు తలదించుకుని ఇంటికొచ్చింది. ఈ వీడియో చేయడానికి కారణం అదే.

తర్వాత ఆమె ఒక నోట్‌బుక్ పెట్టింది. 20 కిలోల కాయలు కొంటే ఎంతకు కొన్నది, తొడిమలు తీశాక ఎంత తూగింది, తొడిమలు తీసినవాళ్లకు కూలి ఎంత, మిల్లులో పట్టించాక ఎంత కారం వచ్చింది, ఎన్ని ప్యాకెట్లు అమ్ముడుపోయాయి, కొట్టువాళ్లు ఎన్ని వెనక్కి ఇచ్చారు. రెండు నెలలు రాసింది. రెండోసారి రిపోర్టు ఆ లెక్కల మీదే తయారైంది. రోజుకు 200 కాదు, 40 కిలోలు. మీరూ ఇలాగే మొదలుపెట్టండి. రిపోర్టు ఎవరు టైపు చేసినా పర్వాలేదు, అంకెలు మాత్రం మీవే అయ్యుండాలి.

రిపోర్టు రాయడానికి, పోర్టల్‌లో అప్‌లోడ్ చేయడానికి జిల్లా రిసోర్స్ పర్సన్ ఉంటారు. వాళ్లకు ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది, మీరు ఇవ్వక్కర్లేదు. మిషన్లకు జీఎస్టీ నంబరు ఉన్న కొటేషన్లు తీసుకోండి. స్థలం కొన్న ఖర్చు ప్రాజెక్టులో కలపకూడదు.

[తెరపై: ఆధార్, పాన్, పాస్‌బుక్ పక్కపక్కన]

ఇక పేర్లు. మనవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు పెద్ద టెన్షన్ ఇక్కడే. ఆధార్‌లో అత్తింటి పేరు, పాన్‌లో పుట్టింటి పేరు, పాస్‌బుక్‌లో ఒట్టి ఇనీషియల్. మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే ముందు దాన్ని సరిచేయించండి. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు పనిచేస్తోందో లేదో కూడా చూసుకోండి.

సబ్మిట్ నొక్కే ముందు మొత్తం ఒకసారి పైకి చదవండి. ఇంట్లో ఎవరినైనా మేనేజర్‌లా ప్రశ్నలు అడగమనండి. తర్వాత ప్రింటు తీసి, అప్లికేషన్ నంబరు రాసిపెట్టుకోండి. దరఖాస్తులు చూసే జిల్లా కమిటీ దాటి ఫైలు బ్యాంకుకు వెళ్లాక ఫోన్ వస్తుందని ఎదురుచూడకండి. ఆ ప్రింటు, మీ నోట్‌బుక్ పట్టుకుని బ్రాంచికి మీరే వెళ్లండి.

రెండోసారి పెద్దమ్మ అలాగే వెళ్లింది. మేనేజర్ రిపోర్టు పక్కన పెట్టి, నోట్‌బుక్ తిరగేస్తూ అడిగారు: "ఈ వెనక్కొచ్చిన ప్యాకెట్లు ఏం చేస్తారమ్మా?" ఆ ప్రశ్నకు ఆమె పావుగంట చెప్పింది.