బిల్డింగ్ అమ్మిన ఏడాది లాభం

అందరికీ నమస్కారమండీ. నాకిచ్చిన టైం ఐదు నిమిషాలే, అందుకని షేర్ మార్కెట్ మొత్తం ఎత్తుకోను, ఒక్క చిన్న కంపెనీ కథ చెప్తాను. ఊహించుకున్న కంపెనీయే, లెక్క మాత్రం నిజంగా ఇలాగే నడుస్తుంది. ఏ దేశం డబ్బైనా అనుకోండి. పెన్ను దగ్గర లేకపోయినా పర్లేదు, అంకెలు మళ్ళీ మళ్ళీ చెప్తాను.

కంపెనీకి 10 లక్షల షేర్లు. ఏడాదికి 20 లక్షల లాభం. అంటే షేరుకి 2, దీన్నే ఈపీఎస్ అంటారు. మార్కెట్లో షేరు ధర 20. మీ దగ్గర 10 వేల షేర్లున్నాయి, అంటే కంపెనీలో నూటికి ఒక వంతు మీది.

మరుసటి ఏడాది వ్యాపారం దెబ్బతింది, లాభం 20 నుంచి 12 లక్షలకి పడిపోయింది. అప్పుడు వాళ్ళేం చేశారంటే, సొంత బిల్డింగ్ ఒకటి ఉంది, ఎప్పుడో కొన్నది, పుస్తకాల్లో దాని విలువ 15 లక్షలే, దాన్ని 55 లక్షలకి అమ్మేసి వేరే బిల్డింగ్‌లో అద్దెకి కూర్చున్నారు. 55 లోంచి 15 తీసేస్తే 40 లక్షలు, ఆ 40 కూడా లాభంలోకే వచ్చి పడింది. టాక్సులు పక్కన పెడదాం. 12కి 40 కలిపితే 52. నిరుడు 20, ఇప్పుడు 52! లాభం రెండున్నర రెట్లు దాటిందని హెడ్‌లైన్.

ఆగండి, ఇంకోటుంది. ఏడాది ముగియడానికి సరిగ్గా మూడు నెలల ముందు, కొద్దిమంది పెద్ద ఇన్వెస్టర్లకి 5 లక్షల కొత్త షేర్లు ఇచ్చారు, 20 ఉన్న షేరుని 16కే ఇచ్చారు. మనల్ని ఎవరూ అడగలేదు. రైట్స్ ఇష్యూ అయితే పాతవాళ్ళకి ముందు అవకాశం ఉండేది, ఇది అది కాదు. ఇప్పుడు మొత్తం 15 లక్షల షేర్లు, మీవి మాత్రం అవే 10 వేలు. ఒక శాతం కాస్తా 0.67 అయింది. ఒక్క షేరు కూడా అమ్మకుండానే మీ వాటాలో మూడోవంతు పలచనైపోయింది, డైల్యూషన్ అంటే ఇదే.

అసలు తమాషా ఇక్కడుందండీ. ఈపీఎస్ ఎలా లెక్కేయాలో ఐఏఎస్ 33 అనే అంతర్జాతీయ అకౌంటింగ్ రూల్ చెప్తుంది, ఐఏఎస్ అంటే ఆఫీసరు కాదండోయ్. దాని ప్రకారం కొత్త షేర్లు ఏడాదిలో ఎన్నాళ్ళున్నాయో అంతవరకే లెక్కలోకొస్తాయి. మూడు నెలలే కాబట్టి 5 లక్షల్లో పావు వంతు, అంటే 11 లక్షల 25 వేల షేర్లతో 52 లక్షల్ని భాగిస్తారు, 4.62 వస్తుంది. రూల్ తప్పేం కాదు, కాకపోతే 40 లక్షలు మొత్తం ఈ ఏడాదిలోనే కనపడింది, షేర్లు మాత్రం పావే కనపడ్డాయి.

రిజల్ట్స్ చూసి జనం ఎగబడ్డారు, ధర 30కి వెళ్ళింది. 30ని 4.62తో భాగిస్తే పీఈ, అంటే షేరు ధర ఈపీఎస్‌కి ఎన్ని రెట్లో ఆ అంకె, ఆరున్నర, అబ్బ ఎంత చవకో అనిపిస్తుంది కదా. నేనూ ఒకసారి ఇలాగే పీఈ 6 చూసి కొన్నాను, ఏ కంపెనీయో ఎందుకులెండి.

ఇప్పుడు వచ్చే ఏడాది చూడండి. బిల్డింగ్ మళ్ళీ అమ్మలేరు, అది లేదుగా. 12 లక్షల లాభంలోంచి అద్దె 3 లక్షలు పోతే 9. షేర్లేమో పూర్తిగా 15 లక్షలు. షేరుకి 0.60! రెండు ఉన్నది అరవై పైసలకొచ్చినట్టు. 30 పెట్టి కొన్నవాడికి అసలు పీఈ 50 అన్నమాట.

అలాగని ఆస్తులమ్మడం, షేర్లివ్వడం ప్రతిసారీ మోసమే అనను. అమ్మకంలో 55 లక్షలు, షేర్ల మీద 80 లక్షలు, మొత్తం 135 లక్షలు చేతికొచ్చాయి కదా. అప్పులు తీర్చి వడ్డీ తగ్గించుకున్నా, మంచి ప్లాంటు పెట్టుకున్నా మేలే. కానీ 15 లక్షల షేర్ల మీద పాత ఈపీఎస్ 2 రావాలంటే లాభం 30 లక్షలు కావాలి, అంటే ఆ 135 మీద ఇంకో 21 లక్షలు, 15 శాతం పైనే సంపాదించాలి. ఈ మేనేజ్‌మెంట్ చేయగలదా అన్నది మీరు తేల్చుకోవాలి, నాకైతే చాలాసార్లు నమ్మకం కుదరదు.

స్టూడియోలోంచి సైగ చేస్తున్నారు, ఒక్క పని చెప్పి ఆపేస్తాను. కంపెనీ రిపోర్టులో క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్, అంటే డబ్బు ఎలా వచ్చిందో ఎలా పోయిందో చెప్పే పట్టిక, తీయండి. పైన ఆపరేటింగ్ అనే భాగంలో, లాభం కిందనే, ఆస్తుల అమ్మకం మీద లాభం అని ఒక లైన్ మామూలుగా ఉంటుంది, బ్రాకెట్లో ఉంటుంది, అంటే తీసేశారని. మీరు కూడా తీసేయండి. మిగిలినదాన్ని సగటు షేర్లతో కాదు, ఈరోజున్న మొత్తం షేర్లతో భాగించండి, వారెంట్లు, అంటే ముందే ఖాయం చేసిన ధరకి తర్వాత షేర్లు తీసుకునే హక్కులు, బాకీ ఉంటే వాటినీ కలపండి. మన కథలో 12ని 15తో భాగిస్తే 0.80, కాగితం మీదున్నది 4.62.

నేను కొన్న కంపెనీ రిపోర్టులోనూ ఆ లైన్ ఉందండీ, బ్రాకెట్లోనే. కొన్న ఏడాదికి చూశాను. ఉంటాను మరి, నమస్కారం.