కింది వరసలు పాతవి

అందరికీ నమస్కారం.

ముప్పై ఏళ్లు కట్టడాల దగ్గర, మేస్త్రీల మధ్య గడిపినవాణ్ణి. అందుకని ఏ ఊరెళ్లినా నా చూపు ముందు గోడల మీద, అందులోనూ అడుగు వరసల మీద పడుతుంది. పైన ఎంత సున్నం కొట్టినా, ఎన్ని రంగులు పూసినా, ఆ గోడ వయసెంతో అడుగున తెలిసిపోతుంది. ఈ సాయంత్రం మీకు చెప్పాలనుకున్నది అలాంటి ఒక గోడ సంగతి.

ఆ గోడ బెల్జియంలో ఉంది. పశ్చిమ ఫ్లాండర్స్‌లో, ఫ్రాన్సు సరిహద్దుకు దగ్గరగా ఉండే చిన్న ఊరు. అక్కడివాళ్లు ఈపర్ అంటారు, ఫ్రెంచివాళ్లు ఈప్ర్ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అక్కడికి వచ్చిన బ్రిటిష్ సిపాయిలకు నోరు తిరక్క వైపర్స్ అన్నారు. మా అమ్మాయి బెల్జియంలోనే లూవెన్‌లో చదువుకునే రోజుల్లో, ఒక నవంబరు ఉదయం ఇద్దరం రైలెక్కి వెళ్లాం.

స్టేషన్లో దిగి కాస్త నడిస్తే ఊరి నడిబొడ్డుకు చేరతాం. గ్రోట్ మార్క్ట్ అంటారు, అంటే పెద్ద అంగడి. చుట్టూ ఇటుక ఇళ్లు. వీధివైపు గోడ ఇంటి కప్పును దాటి పైకి లేచి, రెండు పక్కలా మెట్లు పేర్చినట్టు సన్నబడుతూ కొసకు చేరుతుంది. ఫ్లెమిష్ ఇంటిని, అంటే ఫ్లాండర్స్ ఇంటిని, దూరం నుంచి పోల్చుకునేది ఆ మెట్ల గోడతోనే. ఇంకో సంగతి కూడా ఉంది. లోపలి దూలాలను గోడకు బిగించే ఇనప పట్టీల కొసలు బయటికి కనిపిస్తాయి. వాటిని అంకెల ఆకారంలో చేయించి, ఇల్లు కట్టిన సంవత్సరం గోడ మీదే తెలిసేలా పెట్టుకోవడం అక్కడి పాత అలవాటు. మూడు నాలుగు వందల ఏళ్ల నాటి ఇల్లు కాబోలు అనుకుని తలెత్తి చూస్తే, ఆ అంకెలు 1920ల నాటివి! మా అమ్మాయి నావైపు తిరిగి, "నాన్నా, అయితే ఇదంతా నకలేనా?" అంది.

ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ రోజంతా ఆ ఊళ్లో తిరిగాక దొరికింది.

ఈపర్ నేతగాళ్ల ఊరు. ఇంగ్లండు నుంచి గొర్రె ఉన్ని వచ్చేది, ఇక్కడి మగ్గాల మీద బట్ట అయ్యేది, ఆ బట్టకు యూరప్ అంతటా గిరాకీ ఉండేది. ఆ సంపదతో 13వ శతాబ్దంలో లాకెన్‌హాల కట్టారు. బట్టల హాలు అని అర్థం. 1304 నాటికి పూర్తయింది. ముందు గోడ పొడవు దాదాపు 125 మీటర్లు, మధ్యలో 70 మీటర్ల గంట గోపురం. అంత పొడుగునా ఒకే తీరుగా కిటికీల బారు. పక్కనే ఈపర్లె అనే చిన్న నది పారేది, పడవలు సరుకుతో హాలు దగ్గరికే వచ్చేవి. ఇప్పుడా నది ఊరి కింద కప్పు వేసిన కాలువలో పారుతోంది. రాజుకో దేవుడికో కట్టిన భవనం కాదది. గుడ్డ కొలిచి, నాణ్యం చూసి, బేరమాడే చోటు. ఒక వృత్తివాళ్లు తమ పనికి అంత గౌరవం ఇచ్చుకున్న కట్టడాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

యుద్ధం మొదలైన 1914లో గోపురం చుట్టూ పరంజా కట్టి ఉంది. జూల్ కోమాన్స్ అనే నగర వాస్తుశిల్పి అప్పటికి చాలా ఏళ్లుగా ఆ హాలుకు మరమ్మతులు చేయిస్తున్నాడు. ఆ ఏడాది నవంబరు 22న జర్మన్ ఫిరంగి గుండ్లకు హాలు అంటుకుంది. పరంజా కర్రలు, కప్పు దూలాలు కలిసి తగలబడ్డాయి. ఆ తర్వాత నాలుగేళ్లు ఊరికి మూడు వైపులా యుద్ధరంగమే. 1915 ఏప్రిల్ 22న ఊరికి ఉత్తరాన జర్మన్లు క్లోరిన్ వాయువు వదిలారు. మే నెలలో మిగిలిన జనాన్ని కూడా ఊరు ఖాళీ చేయించారు. 1918 నాటికి ఈపర్‌లో నిలబడ్డ ఇల్లంటూ దాదాపు లేదు. ఆనాటి ఫోటోల్లో మొండి గోపురం, చుట్టూ రాళ్ల కుప్పలు, అంతే.

ఇప్పుడు అసలు తగవు. 1919 జనవరిలో బ్రిటిష్ యుద్ధ మంత్రి విన్‌స్టన్ చర్చిల్ ఈ శిథిలాలన్నీ తమ జాతికి పవిత్ర స్థలమని, మొత్తం తామే తీసుకుని అలాగే ఉంచాలని అన్నాడు. ఒక్క రాయి కూడా తీసుకుపోకూడదని హాలు దగ్గర బోర్డు కూడా పెట్టారు. బెల్జియం వాస్తుశిల్పుల్లోనే కొందరు, మధ్యయుగపు పనిని తిరిగి కట్టడం బూటకమవుతుందని, మొండి గోడలే నిజం చెబుతాయని వాదించారు. ఆ వాదనలో బలం లేదని నేననను. వేలాది మంది బిడ్డలు చచ్చిపోయిన నేల అది.

కానీ ఆ ఊరివాళ్లు తిరిగొస్తున్నారు. ఫ్రాన్సు నుంచి, ఇంగ్లండు నుంచి, తలదాచుకున్న ప్రతి చోటునుంచీ. బెల్జియం రాజు ఆల్బర్ట్ పేర పెట్టిన నిధితో వేసిన చెక్క షెడ్లలో కాపురాలు పెట్టారు. వాళ్లకది స్మారకం కాదు, ఇల్లు. నా గుమ్మం ఉన్న చోట నా గుమ్మమే కావాలన్నారు. చివరికి వాళ్ల మాటే నెగ్గింది. హాలునూ దగ్గర్లోని సెయింట్ మార్టిన్ చర్చినీ తిరిగి కట్టే బాధ్యత మళ్లీ కోమాన్స్ మీదే పడింది. ఏళ్ల తరబడి ఆ గోడల మీద పనిచేసినవాడు, ఆ హాలు కొలతలు తెలిసినవాడు. ఈ వృత్తిలో ఉన్నవాణ్ణి కనుక చెబుతున్నాను, చేతిమీదుగా బాగుచేసుకుంటున్న కట్టడం కళ్లముందే బూడిదైతే మళ్లీ పెన్సిలు పట్టుకోవడం మామూలు గుండెకు సాధ్యం కాదు. గోపురం 1934లో పూర్తయింది. ఆయన 1937లో పోయాడు. తర్వాత పౌవెల్స్ అనే వాస్తుశిల్పి పని అందుకున్నాడు. మళ్లీ యుద్ధం వచ్చింది, పోయింది. హాలు తూర్పు కొసతో సహా మొత్తం పని ముగిసింది 1967లో. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది చెక్క షెడ్డులో పుట్టిన బిడ్డకు అప్పటికి దాదాపు నలభై ఎనిమిదేళ్లు ఉంటాయి.

నేను చెప్పిన గోడ ఆ హాలుదే. దగ్గరికి వెళ్లి, చేత్తో తడిమి చూశాను. కింది వరసల్లో రాళ్లు నల్లబడి, అంచులు పోయి, అక్కడక్కడా గుండ్లకు పెచ్చులూడిన గుంటలతో ఉన్నాయి. వాటిమీద నీటుగా చెక్కిన కొత్త రాళ్లు కూర్చున్నాయి. పాత రాయి ఎంత వంకరగా విరిగిందో కొత్త రాయిని సరిగ్గా అంత వంకరగా చెక్కి అతికించారు. పాతదాన్ని చదును చేసి ఉంటే పని సగం తగ్గేది. ఆ మేస్త్రీలు అలా చేయలేదు, విరిగిన రాయిని విరిగినట్టే ఉండనిచ్చారు. మా అమ్మాయిని పిలిచి, దాని వేలు ఆ అతుకు మీద పెట్టించాను.

నకలంటే అసలును దాచేది. ఇక్కడ అతుకు అందరికీ కనిపిస్తోంది. మన ఊళ్లలో గుడి పాడుబడితే జీర్ణోద్ధరణ చేయించామంటాం, కొత్త గోపురాన్ని దొంగ గోపురమని ఎవరం అనం. ఆ మాట ఈపర్‌కు చక్కగా అతుకుతుంది.

అన్నీ ఉన్నది ఉన్నట్టు కట్టారని కూడా అనుకోవద్దు. సెయింట్ మార్టిన్ చర్చికి యుద్ధానికి ముందు లేని పొడవాటి శిఖరాన్ని తిరిగి కట్టేటప్పుడు పెట్టారు, వంద మీటర్లు దాటుతుంది. ఇళ్లకు కూడా, పూర్వం గార చేసిన సాదా గోడలున్న చోట్ల, ముచ్చటైన ఇటుక మెట్ల గోడలు లేపారు. పోగొట్టుకున్న మనిషిని తలుచుకునేటప్పుడు కాస్త అందంగానే తలుచుకుంటాం కదా. నాకందులో తప్పు కనిపించలేదు.

బ్రిటిష్‌వాళ్లకు తమ స్మారకం కోసం ఊరి తూర్పున మెనిన్ గేట్ స్థలం దక్కింది. రెజినాల్డ్ బ్లోమ్‌ఫీల్డ్ రూపకల్పన చేసిన ఆ పెద్ద కమానును 1927 జులై 24న ఆవిష్కరించారు. దాని గోడల నిండా పేర్లే, 54,000కు పైగా. సమాధి అంటూ దొరకనివాళ్ల పేర్లు. వాటిలో భారతీయులవి 400కు పైగా ఉన్నాయి. 1914 అక్టోబరులో, చలికి సరైన బట్టలైనా లేకుండా, మన దేశపు సిపాయిలు ఆ బురదలోకి వచ్చారు. ఆ నెల 31న హొలెబెక దగ్గర అందరూ కూలిపోయినా మిషన్‌గన్ వదలని ఖుదాదాద్ ఖాన్, బ్రిటిష్‌వాళ్లు సాహసానికిచ్చే అత్యున్నత పతకం విక్టోరియా క్రాస్ అందుకున్న మొదటి భారతీయ సిపాయి అయ్యాడు. 1915 ఏప్రిల్ 26న విషవాయువు మధ్యనే మీర్ దస్త్ తనవాళ్లను నిలబెట్టి, గాయపడ్డవాళ్లను మోసుకొచ్చాడు. ఆయనకూ అదే పతకం. ఈ రెండు పేర్లు మన బడిపిల్లల్లో ఎందరికి తెలుసు? నాకే అరవై దాటాక తెలిశాయి, అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

రోజూ రాత్రి ఎనిమిదింటికి ఆ కమాను కింద రాకపోకలు ఆపి, చనిపోయిన సైనికులకు వీడ్కోలుగా బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ అనే బాణీ వాయిస్తారు. 1928 జులైలో మొదలైన ఆచారం అది. జర్మన్ల ఆక్రమణలో ఉన్న 1940-44 మధ్య మాత్రం అక్కడ సాగలేదు. 1944 సెప్టెంబరు 6న పోలండు సైనికులు ఊరిని విడిపించిన సాయంత్రమే, ఊళ్లో ఇంకా కాల్పులు వినిపిస్తుండగానే మళ్లీ మొదలుపెట్టారు. మేం వెళ్లిన రాత్రి సన్నగా వాన పడుతోంది. వాయించినవాళ్లు ఆ ఊరి అగ్నిమాపక దళంవాళ్లు. మా పక్కన ఒక ముసలాయన టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. అది ముగిశాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మీ పిల్లలు యూరప్‌లో ఉండి మీరు వెళ్లే పనిబడితే, ఈపర్‌కు ఒక రోజు కేటాయించండి. తిరుగు రైలు వేళ ముందే చూసుకోండి, ఎనిమిదింటిదాకా ఉండాలి. కమాను దగ్గర మన సింహాల తలలున్న స్మారకం ఒకటి ఉంది, అక్కడ ఒక నిమిషం ఆగండి. బట్టల హాలు దగ్గర మాత్రం గోపురం కేసి చూసే ముందు కిందికి వంగి, ఆ నల్లరాళ్ల మీద చెయ్యి పెట్టి చూడండి.

నమస్కారం.