డాబా మీద పూసేది కాదు, కొండ మీది బ్రహ్మకమలం

అందరికీ నమస్కారం.

ముందు ఒక సంగతి తేల్చేసుకుందాం. వానాకాలంలో అర్ధరాత్రి మన డాబాల మీద విచ్చుకుంటే ఇరుగుపొరుగును పిలిచి, హారతిచ్చి, వాట్సాప్ స్టేటస్ పెట్టుకుంటామే, బ్రహ్మకమలం అని మనం పిలుచుకునే ఆ పువ్వు అమెరికా ఖండం నుంచి వచ్చిన కాక్టస్. దాని మీద నాకేం కోపం లేదు. నేను మాట్లాడబోయేది ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పమైన అసలు బ్రహ్మకమలం గురించి. శాస్త్రీయ నామం సాసూరియా ఆబ్వలాటా. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబమే.

హిమాలయాల్లో దాదాపు 3,700 మీటర్ల పైన, చెట్లు ఆగిపోయిన చోట, రాళ్ల సందుల్లో మొలుస్తుంది. మంచు కరిగి మళ్లీ కురిసేలోపు ఆకు తొడగాలి, పూయాలి, గింజ కట్టాలి. పూసేది జూలై, సెప్టెంబరు మధ్య. అంటే సరిగ్గా వానల్లోనే.

దగ్గర కూర్చుని చూస్తే దాని తెలివి తెలుస్తుంది. మనం రేకులనుకునే ఆ లేత పసుపు పొరలు నిజానికి రూపం మారిన ఆకులు. ఉల్లిపొరంత పలచగా, దోనెల్లా వంగి ఒకదాని మీద ఒకటి కప్పుకుని ఉంటాయి. వేలితో మెల్లగా పక్కకు తొలగిస్తే లోపల ముదురు ఊదారంగు మొగ్గల్లాంటివి గుత్తిగా కనిపిస్తాయి. ఒక్కో దాంట్లో సన్నటి గొట్టం పూలు బోలెడు. అసలు పూలు అవీ! ఎండ పొరలోంచి లోపలికి దిగుతుంది, వెచ్చదనం లోపలే నిలుస్తుంది, వాన పడినా పుప్పొడి తడవదు. దీని చుట్టమే అయిన ఫేన్‌కమల్‌ది ఇంకో పద్ధతి. అది ఒళ్లంతా దూది కప్పుకుని, పైన పురుగులు దూరడానికి చిన్న కంత మాత్రం వదులుతుంది.

ఇంత చలికి తట్టుకున్న మొక్కలకు మన చేతులతోనే చిక్కు. టిబెట్ వైపు సాసూరియా లానిసెప్స్ అనే మంచు కమలం ఉంది. జీవితంలో ఒక్కసారి పూసి చచ్చిపోతుంది. మందుల తయారీకి దాన్ని పూతలోనే పీకుతారు, అదీ పెద్దవి ఏరి మరీ. ఇక గింజ వేసేవి పొట్టివే. మిస్సోరి బొటానికల్ గార్డెన్‌కు చెందిన జాన్ శాలిక్, ఆమెతో పనిచేసిన వేన్ లా పాత ఎండు నమూనాలు కొలిచి 2005లో ఒక విషయం ప్రచురించారు: సుమారు వందేళ్లలో ఈ మొక్క పొట్టిదైపోయింది. జనం అంతగా పీకని దాని చుట్టం మాత్రం ఎత్తు తగ్గలేదు.

బ్రహ్మకమలం కూడా పొట్టిదైందని నేననడం లేదు. కానీ దాన్నీ కోసేది పూతలోనే. అక్కడి కొండ దేవత నందాదేవి పూజకు, కేదారనాథుడికి ఈ పువ్వు సమర్పించడం ఎప్పటినుంచో ఉన్న ఆచారం, దాన్ని తప్పు పట్టను. కొన్ని పల్లెల్లో భాద్రపదంలో వచ్చే ఆ దేవత పండుగ నందాష్టమి దాకా కోయకూడదన్న కట్టుబాటు కూడా ఉంది. గింజ ముదరడానికి కాస్త టైమిచ్చే కట్టుబాటు అది. నా గొడవల్లా మనలాంటి యాత్రికులతోనే. దారిలో ఎవరైనా అమ్మితే కొనకండి. మైదానానికి దిగేసరికి అది ఎలాగూ వాడిపోతుంది.

చూడాలనుంటే ఆగస్టులో ఉత్తరాఖండ్‌లోని ఘాంఘ్రియా ఊరి నుంచి సిక్కుల పుణ్యక్షేత్రం హేమకుండ్ సాహిబ్ దారి పట్టండి. ఏటవాలు ఎక్కుడు, ఆయాసం వస్తుంది, రెయిన్‌కోటు తప్పనిసరి. పైభాగానికి చేరాక దారి పక్క రాళ్ల మధ్య వెతకండి. గుర్రమెక్కి పోతే సగం కనపడవు, నడవగలిగినవాళ్లు నడవండి.