ఈ తేదీ ఏప్రిల్‌దా, మార్చిదా? యాప్‌లో డేట్ ఫార్మాట్ల సంగతి

అందరికీ నమస్తే. స్క్రీన్ మీద తేదీ చూడండి: 03/04/2025. మనకిది ఏప్రిల్ 3. అమెరికాలో ఉన్న క్లయింట్‌కు మార్చి 4. రెండూ నిజంగా ఉన్న తేదీలే కాబట్టి కంప్యూటర్ ఏ ఎర్రర్ చూపించదు. టెన్షన్ అంతా అక్కడే. ఏడాదిలో ఇలా రెండు రకాలుగా చదవగలిగే రోజులు 132 ఉన్నాయి.

అమెరికా సెట్టింగ్ ఉన్న ఎక్సెల్‌లో మన పద్ధతిలో తేదీలున్న సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్) తెరవండి. 12వ తేదీ వరకు రోజు, నెల చప్పుడు లేకుండా తారుమారైపోతాయి. 13 నుంచి తేదీగా గుర్తుపట్టలేక మామూలు టెక్స్ట్‌గా వదిలేస్తుంది. ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు కుడివైపు, కొన్ని ఎడమవైపు జరిగి ఉంటే ముందు దీన్నే అనుమానించండి.

ఇక్కడ బెంగళూరులో, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ఆఫీసుల్లో మనవాళ్లు రాసే కోడ్‌లో నాకు తరచూ కనిపించేది ఒకటుంది. యాప్ ఇంగ్లిష్‌లోనే కదా అని లొకేల్ (భాష, ప్రాంతం చెప్పే సెట్టింగ్) దగ్గర ఈఎన్-యూఎస్, అంటే అమెరికా ఇంగ్లిష్ అని రాసేస్తారు. ఆ యాప్ వాడేదేమో కర్నూలు మనిషి, కోలారు మనిషి. భాష వేరు, ప్రాంతం వేరు. మన ఇంగ్లిష్‌కు ఈఎన్-ఐఎన్ ఉంది, తెలుగుకు టీఈ-ఐఎన్ ఉంది. ఏ ప్రాంతంలో తేదీ ఎలా రాస్తారో యూనికోడ్ సంస్థ వాళ్ల సీఎల్‌డీఆర్ అనే డేటా భాండాగారంలో తెలుగు నెలల పేర్లతో సహా ఉంది. థాయ్‌లాండ్‌లో 2025ను 2568 అని రాస్తారన్న సంగతి కూడా అందులో ఉంది. ఇంత చేసిపెట్టాక మనం స్లాష్‌లు అతికించుకుంటూ కూర్చోవడం దేనికి?

తేదీని సేవ్ చేసేటప్పుడు మాత్రం ఒకటే పద్ధతి, 2025-04-03. 1988లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 చెప్పేది ఇదే. టెక్స్ట్‌గా సార్ట్ చేసినా వరస తప్పదు.

పుట్టినరోజుకు మాత్రం టైమ్‌జోన్ తగిలించకండి, దయచేసి. మనకు ఏప్రిల్ 3 మొదలైన క్షణానికి యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఇంకా ఏప్రిల్ 2 సాయంత్రం 6:30. అలా సేవ్ చేసి తేదీ ఒక్కటే తీసుకుంటే, బడి రికార్డులో పాప ఒక రోజు ముందే పుట్టేస్తుంది.

నా ఉద్దేశంలో, తేదీ చూపించడం కన్నా అడిగి తీసుకోవడమే కష్టం. పెద్దవాళ్లు ఆధార్ కార్డు ముందు పెట్టుకుని, అందులో ఉన్నట్టే 15/08/1962 అని కొడతారు. ఫారం నెల ముందు అడిగేదైతే 'తప్పు తేదీ' అంటుంది. పాపం ఆ పెద్దావిడ తన చూపే ఆనలేదేమో అనుకుని మళ్లీ అదే కొడుతుంది. ఒక మనిషిని అలా ఇబ్బంది పెట్టే హక్కు మనకు లేదు. రోజుకు ఒక గడి, ఏడాదికి ఒక గడి ఇచ్చి, నెలను పేరుతో ఎంచుకోనివ్వండి.

టెస్టుల్లో 05/05 లాంటి తేదీలు పెట్టకండి, తారుమారైనా బయటపడవు. 07/08 ఒకటి, 25/12 ఒకటి పెట్టి, లొకేల్ మార్చి మళ్లీ నడపండి. రేపు ఆఫీసులో మీ కోడ్ అంతా ఈఎన్-యూఎస్ కోసం వెతకండి. ఎన్ని చోట్ల దొరికిందో కామెంట్‌లో రాయండి.